వంటింటి సంజీవని: ఒక పప్పు పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

పేరున్న హోటల్లో పేరున్న షెఫ్ చేసే వంటకాన్ని ఆదివారం పూట ఇంట్లో దించేద్దామని నడుం బిగించేవారి ఉపయోగార్థం ఈ ఆటవెలది. ఇందులో వర్ణితమైనది న్యూఢిల్లీ ఐటీసీ మౌర్య హోటల్లోని బుఖారా రెస్టారెంటు వారి నల్ల మినుముల పప్పు, లోకప్రసిద్ధమైన దాల్ బుఖారా. మూలకర్త, వ్యాఖ్యాత ఒకరే. కాబట్టి అభిప్రాయభేదాలు రావనుకున్నాం. వచ్చాయి.

మూలం

మినుము నానబెట్టి మెల్లని నిప్పుపై
రాత్రియెల్ల నుంచి రాచి, వెన్న
వేసి మరల వేసి వెల్లువ గాఁజేసి
వండిపెట్టు వాఁడె వంటవాఁడు.

ప్రతిపదార్థం

మినుము = పొట్టు తీయని నల్ల మినుములను (ఛాయ మినప్పప్పు కాదు, అది రేపటి ఇడ్లీకి); నానబెట్టి = ముందురోజే గుర్తుపెట్టుకుని నీళ్లలో పోసి; మెల్లని నిప్పుపై = బొగ్గుల సెగ మీద, అది లేనివారు గ్యాసు పొయ్యి చిన్న బర్నరు మీద; రాత్రి యెల్లన్ = హోటల్లో 18 గంటలు, ఇంట్లో ఓపిక ఉన్నంతసేపు; ఉంచి = దించకుండా ఉంచి; రాచి = గరిటె వెనకతో గిన్నె అంచుకేసి మెదిపి; వెన్న వేసి = అందరూ చూస్తుండగా వేసి; మరల వేసి = ఎవరూ చూడనప్పుడు ఇంకోసారి వేసి; వెల్లువ గాన్ చేసి = పైన తేలేట్టు చేసి; వండిపెట్టు వాఁడె = వండి వడ్డించేవాడే; వంటవాఁడు = షెఫ్ అనబడును.

టీక

మెదక్ దగ్గర కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయనని మాట ఇచ్చాడు. మహానుభావుడు, ఆయనకి వంటపుస్తకం తగల్లేదు. ఇక్కడ మూలంలో లేనిదే అసలు సరుకు. దాల్ బుఖారాలో పడే దినుసులు చూడండి: మినుములు, టొమాటో, అల్లం, వెల్లుల్లి, కారం, వెన్న, మీగడ. ఉల్లిపాయ లేదు, రాజ్మా లేదు. కిరాణా కొట్టువాడు మాట్లాడుతూ మాట్లాడుతూ కట్టిచ్చేసే చీటీ. రాత్రంతా ఆరని బొగ్గు, అడుగంటకుండా కలుపుతుండే మనిషి, ఆ మనిషికి జీతం, మర్నాడు గంగాళం తోమే ఇంకో మనిషి, వీటిని ఏ షెఫూ చీటీలో రాయడు. దాచాలని కాదు. ఆయన వంటింట్లో అవి గోడల్లా ఎప్పుడూ ఉండేవే, గోడల్ని దినుసుల్లో ఎవరు లెక్కేస్తారు?

'మెల్లని నిప్పుపై' అన్నచోట పూర్వపక్షం: కుక్కర్లో పడేస్తే పోదా? పోతుంది, కొంతవరకు. కుక్కర్లో ఒత్తిడికి నీళ్లు 120 డిగ్రీల దరిదాపుల్లో మరుగుతాయి కాబట్టి నానిన మినుములు గంటలోపే మెత్తబడతాయి. కానీ మెత్తబడటం వేరు, చిక్కబడటం వేరు. మూత తీసి చూస్తే గింజలు అడుగున, నల్లనీళ్లు పైన, ఒకరితో ఒకరికి మాటల్లేనట్టు ఉంటాయి. చిన్న సెగ మీద గంటల తరబడి మెదుపుతూ కలుపుతుంటే పొట్టు విచ్చి, లోపలి పిండీ జిగురూ నీళ్లలోకి దిగి, గరిటె ఎత్తితే జారకుండా తొణకకుండా మెల్లగా దిగే చిక్కదనం వస్తుంది. మినుముకి జిగురెంతో గారెల పిండి రుబ్బిన చేతికి చెప్పక్కర్లేదు. కాబట్టి కుక్కరు దిగాక రెండు గంటలైనా గరిటె పట్టుకుని నిలబడవలసిందే. ఇది సిద్ధాంతం. ఈ రెండు గంటల్లో ఫోను చూసేవారికి అడుగంటుట ఫలం.

రోజంతా సెగ అనేది మనకి కొత్తేం కాదు. పాడి ఉన్న ఇళ్లలో దాలి ఉండేది. గుంటలో పిడకల నిప్పు రాజుకుంటూ ఉండగా పొద్దున పెట్టిన పాలకుండలో సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మందంగా మీగడ కట్టేది. అదే నిప్పు, అదే నిదానం, అటూ ఇటూ తిరుగుతూ ఓ కన్నేసి ఉంచే అమ్మమ్మ. ఇప్పుడు మూడో అంతస్తులో దాలి తవ్వుతామంటే అసోసియేషన్ ఒప్పుకోదు. 14.2 కిలోల సిలిండరు తెరిచి రాత్రంతా వెలిగించి పడుకుంటామంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. పొగవాసన ఒక్కటి మాత్రం సాధ్యం: పప్పు మధ్యలో చిన్న గిన్నె పెట్టి, అందులో కణకణలాడే బొగ్గు వేసి, మీద చుక్క నెయ్యి వేసి మూత పెట్టడం. పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొట్టేలోపు తీసెయ్యాలి.

'వేసి మరల వేసి' అనడం పునరుక్తి దోషమని కొందరు. కాదు. ఇందుకు ప్రమాణం ఫ్రాన్సు. 1981లో పారిస్‌లో సొంత రెస్టారెంటు తెరిచిన జోయెల్ రోబుషాన్‌కి అంత పేరూ తెచ్చిన వాటిలో ఒకటి బంగాళదుంప ముద్ద. కిలో దుంపలకి పావుకిలో వెన్న. దుంపల్ని తొక్కతోనే ఉడికించి, ఒలిచి, జల్లించి, తేమ ఆరేదాకా పొయ్యి మీద తిప్పి, అప్పుడు చల్లటి వెన్నని ముక్క తర్వాత ముక్కగా కలుపుతూ పోవడం, ఆపైన వేడిపాలు సన్నధారగా. ఒక ముక్క కరిగాకే ఇంకో ముక్క. అదే 'మరల వేసి'.

విచారించగా, హోటలుతో ఇల్లు అణువంత కూడా తగ్గకుండా సరితూగగల దినుసు వెన్న ఒక్కటే. బొగ్గు దొరకదు, మనిషి దొరకడు, రాత్రి దొరకదు. వెన్న మాత్రం వీధి చివర కొట్టు ఫ్రిజ్‌లో ప్యాకెట్లు పేర్చి ఉంటుంది. సరిగ్గా అక్కడే చెయ్యి వెనక్కి పోతుంది. "ఇంతెందుకండీ, రెండు చెంచాలు చాలు, మొన్నేగా మీకు కొలెస్ట్రాల్ ఎక్కువుందన్నారు!" అని వెన్న డబ్బా మూత పడిపోతుంది. 18 గంటలు రెండయ్యాయి, బొగ్గు పోయింది, వెన్న సగమైంది. ఆపైన "హోటల్ రుచి రాలేదేంటి?" అని ఆ హోటల్లో తిని వచ్చిన తమ్ముడి మొహంలోకి చూడటం. రాని రుచి ఎక్కడికి పోయిందో ఈ టీకలో ఇదివరకే చెప్పాం.

కర్తృ నిర్ణయం

బుఖారా పప్పుకి చుట్టమైన దాల్ మఖనీ ఎవరి సృష్టి అన్నది ఇంకా తేలలేదు. అదీ, బటర్ చికెనూ మావేనని మోతీ మహల్ వారు దరియాగంజ్ అనే హోటలు వారి మీద 2024లో ఢిల్లీ హైకోర్టుకెక్కారు. మన పండితులు కావ్యకర్తల గురించి వాదించుకున్నారు గానీ కోర్టు ఫీజు కట్టేదాకా పోలేదు.

తాత్పర్యం

మినుములు నానబోసి, రాత్రంతా ఉడికించి, వెన్న వేసి వడ్డించాలని భావం. తక్కినదంతా వ్యాఖ్యాత పైత్యం.

విశేషాలు

బుఖారాలో ఫోర్కులూ చెంచాలూ లేకుండా, మెడకి ఏప్రాన్ కట్టుకుని చేత్తో తినడం ఆచారం. అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ పేరుతో అక్కడ ఒక ప్లాటర్ కూడా ఉంది. ఈ వంటకంలో మన ఇళ్లవారు సాధన లేకుండానే షెఫ్ స్థాయిని అందుకునే ఘట్టం ఈ చేత్తో తినడమే. ఐటీసీ వారే కిచెన్స్ ఆఫ్ ఇండియా పేరుతో దాల్ బుఖారాని ప్యాకెట్లో కూడా అమ్మారు. అది సంక్షిప్త ప్రతి, దాని జోలికి పోం.

'వంటవాఁడు' అన్న చోట నలుడు స్మరణీయుడు. ఒక వంటకం ఒక మనిషి సంతకం కావడానికి భారతంలోనే సాక్ష్యం ఉంది: బాహుకుడి రూపంలో ఉన్నవాడు నలుడేనని దమయంతి పోల్చుకున్న ఆనవాళ్లలో అతను వండిన మాంసం రుచి ఒకటి. కానీ ఆ వంటిల్లు ఎలాంటిది? తలుచుకుంటే నిప్పు వచ్చేలా అగ్ని, చూస్తే గిన్నెలో నీళ్లు నిండేలా వరుణుడు వరాలిచ్చారు. వండినదానికి రుచి ఉండేలా వరమిచ్చినవాడు యముడు. వెన్న సంగతి ఆయనకి తెలియకనా! అంటే నలపాకం కూడా సిబ్బంది ఉన్న వంటింటి పాకమే. గిన్నెలు తోమే వరం మాత్రం ఏ దేవుడూ ఇచ్చినట్టు కనబడదు.

ఈ కారణం చేతనే కాబోలు, ఇంటి ప్రతులలో నాలుగో పాదానికి 'వండి తోము వాఁడె వంటవాఁడు' అని పాఠాంతరం ఉంది. ఆదివారం షెఫ్‌లు ఈ పాఠం ప్రక్షిప్తమంటారు. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు గనుక పై ముద్రణలో దీన్నే గ్రహిస్తాం.