బారసాల దగ్గరే ఆగిన యుద్ధం

నవల రాయని నవలాకారుడు ఊరికొకాయన ఉంటాడు. కశింకోటలో ఆయన రిటైరైన సోషల్ మేష్టారు. చారిత్రక నవల రాస్తున్నారని ఊరంతటికీ తెలుసు, మొదటి పేజీ చూసినవాళ్లు మాత్రం లేరు. కథ సిద్ధం, కోట సిద్ధం, శత్రువు సిద్ధం. కథానాయకుడికే ఇంకా పేరు కుదరలేదు.

"పేరు కల్పించకూడదు, తవ్వి తియ్యాలి" అంటారాయన. కాకతీయుల కాలపు సేనానిని సినిమాలో ఎవరైనా 'రాకేష్' లాంటి పేరుతో పిలిస్తే ఇంటర్వెల్ దాకా కూడా ఆగరు.

యుద్ధం కోసం ఆయన దూరం వెళ్లక్కర్లేదు. 1758లో కల్నల్ ఫోర్డ్ సేన, విజయనగరం ఆనందరాజు సేన కలుసుకున్నది కశింకోట దగ్గరే. అట్నుంచి అటే వెళ్లి డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించాయి. అంతకు ముందేడు జనవరిలో బొబ్బిలి కోట పడింది, తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి పెద విజయరామరాజును పొడిచాడు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని మేష్టారు పూసపాటి వారి వంశవృక్షంలో ఇరుక్కున్నారు. పెద విజయరామరాజు, ఆనందరాజు, 1794లో పద్మనాభం దగ్గర నేలకొరిగిన చిన విజయరామరాజు, ఆ తర్వాత కూడా ఒక విజయరామ గజపతి, ఒక ఆనంద గజపతి. "ఉన్నదున్నట్టు రాస్తే పోయినోడు మళ్లీ ఎలా లేచొచ్చాడని పాఠకుడు అడగడూ?" అని తల పట్టుకున్నారు.

సరే, రాజుల్ని వదిలి సిపాయిల దగ్గరకొచ్చారు. ఇంటిపేరు లేనిదే తెలుగు వీరుడు నిలబడడు గదా. కథానాయకుడికి ఏ ఇంటిపేరు పెట్టినా ఫరవాలేదు, ఆ ఇంటివాళ్లు మురిసిపోతారు. తంటా అంతా ద్రోహి దగ్గరే వచ్చింది. సంగతి ఎలా పొక్కిందో గానీ, హైవే పక్క టీకొట్టులో ఒకాయన గ్లాసు బల్ల మీద పెట్టి మరీ నిలేశాడు.

"ఏటి మేష్టారూ, కోట తలుపు తీసిచ్చినోడు మా ఇంటోడంటగదా?"

"అబ్బే, కల్పిత పాత్ర బాబూ!"

"కల్పితమే అయితే మీ ఇంటిపేరే ఎట్టుకోవచ్చుగదా?"

ఆ రాత్రే మేష్టారు మకాం జపానుకి మార్చేశారు. అక్కడ ఎవణ్ణి ద్రోహిని చేసినా కశింకోట టీకొట్టు దాకా వచ్చి అడిగేవాడుండడు. పైగా వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఓడా నొబునాగాలో ఓడా ఇంటిపేరు. "మనోళ్లేనయ్యా!" అని పొంగిపోయారు.

పొంగు ఎంతోసేపు నిలవలేదు. పాత హాజరు పట్టీలో రోల్ నంబర్ల ఎదురుగా సమురాయిల్ని ఎక్కించడం మొదలెట్టారు. తొకుగావా ఇయెయాసు దగ్గరికొచ్చేసరికి గడి చాల్లేదు. పుట్టినప్పుడు తకెచియో, పెద్దవాడయ్యాక మొతొనొబు, తర్వాత మొతొయాసు. ఆ 'మొతొ' ఏలిక ఇమగావా యొషిమొతొ పేరులోది. 1560లో ఆ ఏలిక యుద్ధంలో చచ్చాక ఈయన పక్షం మార్చి, 'మొతొ'ను వదిలేసి ఇయెయాసు అయ్యాడు. మత్సుదైరా అన్న ఇంటిపేరు కూడా ఆ తర్వాతే తొకుగావాగా మారింది. కండువా మార్చినంత సులువుగా పేరు మార్చేశాడని మేష్టారికి మంట. హోజో వంశం మరీ ఘోరం: ఉజిత్సునా, ఉజియాసు, ఉజిమాసా, ఉజినావో, నాలుగు తరాలు వరసగా. విజయనగరమే నయమనిపించింది.

సనదా యుకిమురాను మాత్రం ఎర్ర సిరాతో కొట్టేశారు. 1615లో ఒసాకా యుద్ధంలో ప్రాణమిచ్చిన ఆ వీరుడి అసలు పేరు నొబుషిగే, యుకిమురా తర్వాతి కాలపు యుద్ధగాథలు తగిలించినది. జపానంతా ముద్దుగా పిలుచుకునే పేరు మేష్టారి పట్టీలో 'గైర్హాజరు'.

నన్నడిగితే, పాపారాయుడన్న పేరులో మాత్రం వీరత్వం ఎక్కడుంది? ఉయ్యాల్లో పిల్లాణ్ణి పిలిచినట్టుంటుంది. ఆ రాత్రి డేరాలో చేసిన పనితో దానికి మీసాలొచ్చాయి. ఈ మాట మేష్టారి ఎదుట అనే ధైర్యం నాకు లేదు.

నవల సంగతి అలా ఉండగా, ఆయనకి పేర్ల నిపుణుడన్న ఖ్యాతి వచ్చింది. బారసాల వాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. అందరిదీ ఒకటే కోరిక, ఎక్కడా లేని పేరు కావాలి. 'కన్నమదాసు' అంటారీయన. వాళ్లు చెప్పుల కోసం వెతుక్కుంటారు.

మొన్న ఒక జంట, మేష్టారు కళ్లజోడు తుడుచుకునేలోపు, బల్ల మీది పట్టీ తిరగేశారు.

"కెన్షిన్! బాగుంది తాతగారూ. పంతులుగారు 'క' రావాలన్నారు, సరిగ్గా సరిపోయింది."

మేష్టారు అదిరిపడ్డారు. "అమ్మా, అది ఉఎసుగి కెన్షిన్ పెద్దయ్యాక, బౌద్ధ దీక్షలో తీసుకున్న పేరు. పసివాడికి పనికిరాదు. పుట్టినప్పుడు ఆయన తొరాచియో."

"తొరాచియో అంటే వాళ్ల నాన్నమ్మ ఊరుకోదండి" అని ఆ పిల్ల ఫోన్లో కెన్షిన్ అని కొట్టేసుకుంది.

"పోనీ పదిహేనేళ్లొచ్చేదాకా తొరాచియో ఉంచండమ్మా, ఆ తర్వాత మార్చుకోండి!" అంటూ మేష్టారు వీధి మలుపు దాకా వాళ్ల బండి వెనకాలే వెళ్లారు.