ఫైలు కదిలింది... జేబులో!

ఒకే గదిలో నాలుగు కంప్యూటర్లు. అకౌంటెంట్ సిస్టంలోని జీతాల ఫైలు పక్క టేబుల్ మీది మేనేజర్ సిస్టంలో తెరుచుకోదు. ‘మీకు అనుమతి లేదు’ అంటుంది.

జీతాలిచ్చేది ఆయనే. అయినా లేదు.

నిన్నటిదాకా తెరుచుకుందే! రాత్రి విండోస్ 11 ప్రో అప్‌డేటయింది. 24హెచ్2 వెర్షన్ వచ్చాక పాస్‌వర్డ్ లేని గెస్టుగా పక్క సిస్టంలోకి వెళ్లడం మామూలుగా కుదరదు. అకౌంటెంట్ సిస్టంలో ఒక యూజర్‌ని సృష్టించి పాస్‌వర్డ్ పెడితే సరిపోయేది. అంత తేలిక పని మనకెక్కడ రుచిస్తుంది?

సిస్టం రిపేరు కుర్రాడొచ్చాడు. ఫైర్‌వాల్ ఆపాడు. యాంటీవైరస్ పీకేశాడు. ‘ఎవ్రీవన్’కు ‘ఫుల్ కంట్రోల్’ రాసిచ్చాడు. మూలనపడ్డ పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్ఎంబీ1నీ లేపాడు. 2017లో వానాక్రై రాన్సమ్‌వేర్ లోకమంతా దూరింది ఆ దొడ్డిదారినే లెండి. ఐదొందలు పుచ్చుకుని వెళ్లాడు.

ఫైలు తెరుచుకోలేదు. మిగతావన్నీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు అటెండర్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని టేబుల్ టేబుల్‌కీ తిరుగుతున్నాడు. ‘జీతాలు ఫైనల్’, ‘జీతాలు ఫైనల్ కొత్తది’, ‘ఇదే అసలు ఫైనల్’... ఎవరికెంత పెరిగిందో ఆఫీసు మొత్తంలో తెలిసింది ఆయనొక్కడికే.

మేనేజర్‌గారూ, అప్‌డేట్‌ను తర్వాత తిడుదురుగాని, ముందు ఆ ఫైర్‌వాల్ ఆన్ చేయించండి.