నేను కన్యాశుల్కాన్ని

నా పేరు కన్యాశుల్కం. నేను నాటకాన్ని. మాది విజయనగరం. మా నాన్నగారు గురజాడ అప్పారావు. 1892లో జగన్నాథ విలాసినీ సభ వారు ఆడినప్పుడు మా ఊరివాళ్ల గొంతుల్లో తొలిసారి పలికాను. 1897లో అచ్చయ్యాను. 1909లో నాన్నగారు నన్ను తిరగరాసి పెంచి పెద్దచేశారు. మీరు చదివేదీ, ఆడేదీ ఆ రెండో రూపాన్నే. నన్ను చదివి మూడు తరాలకు పైగా నవ్వుతున్నారు. నాకు అది సంతోషమే. ఆ నవ్వు ఎవరి కోసం పుట్టిందో కూడా మీకు చెప్పాలి.

నన్ను రాసింది పాఠాలు చెప్పుకునే మేష్టారు. మహారాజావారి బడి 1857లో మొదలై 1879లో కాలేజీ అయింది. నాన్నగారు అక్కడే చదివారు. 1884లో నెలకి 25 రూపాయల జీతం మీద హైస్కూల్లో చేరారు. 1886లో బి.ఏ. పూర్తిచేసి, మరుసటేడు కాలేజీలో లెక్చరరయ్యారు. ఇంగ్లీషు వస్తే సర్కారు కొలువు దొరికే రోజులవి. అగ్రహారాల వాళ్లు అప్పో సొప్పో చేసి కొడుకుల్ని పట్నం పంపేవారు. ఆ కొడుకుల్నీ, వాళ్ల తండ్రుల ఆరాటాన్నీ నాన్నగారు తరగతిలో రోజూ చూశారు.

నా వెంకటేశం అలా వచ్చినవాడే. పరీక్ష తప్పాడు, ఇంటికి వెళ్లాలంటే భయం. కోట దగ్గరి బొంకులదిబ్బలో నా కథ మొదలయ్యేసరికి వాడి గురువు గిరీశానికి ఊళ్లో అప్పులు ముదిరి నిలవనీడ లేదు. శిష్యుడికి చదువు చెప్పే గురువునంటూ వాడి వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరాడు. గురుశిష్యులు నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడేసరికి వెంకటేశం తల్లి వెంకమ్మ మురిసిపోయింది. ఇల్లు గిరీశం చేతిలోకి వెళ్లిపోయింది. జనం పగలబడి నవ్వే ఆ ఘట్టంలో నాన్నగారి బాధ ఉంది. చదువు మనిషిని మార్చకుండా డాబుగా మిగిలిపోతే, అది పక్కవాడిని మోసగించడానికే పనికొస్తుందని ఆయనకు తెలుసు.

ఆ ఇంటి పిల్లల్ని ఒక్కసారి వరసగా చూడండి. కొడుకు వెంకటేశానికి ఇంగ్లీషు చదువు. పెద్దకూతురు బుచ్చమ్మ పసితనంలోనే వితంతువు. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి రొక్కానికి, అంటే కన్యాశుల్కం పుచ్చుకుని, ఇవ్వడానికి తండ్రి అగ్నిహోత్రావధాన్లు సిద్ధం. అక్క బతుకు ఎలా అయిందో కళ్లెదుట కనిపిస్తూనే ఉంది. అయినా చెల్లెలికీ అదే బేరం. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆ ముసలాయనకు కట్టబెడితే తప్ప ఆ పిల్ల బయటపడలేదు. నాలోని హాస్యమంతా ఒక పసిపిల్లను కాపాడటానికి పన్నిన ఉపాయం.

ఇది నాన్నగారి ఊహ అనుకోకండి. మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్లకు జాబితా తయారుచేయించారు. నా తొలి కూర్పు పీఠికలో నాన్నగారు ఆ లెక్కలు రాశారు. మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పాపలు ముగ్గురు. ఆ పాపల వెల 350 నుంచి 400 రూపాయలు. ఇప్పటి విజయనగరం ప్రాంతం అప్పుడు ఆ పెద్ద జిల్లాలో భాగమే. నా గుండెలో ఉన్నది ఆ జాబితా.

అలాంటి పిల్లల్లో ఎందరో ఈడు రాకముందే భర్తల్ని పోగొట్టుకున్నారు. వాళ్లకు కాపురం లేదు, కడుపున బిడ్డా లేదు. పెళ్లిపందిరి దగ్గరికి రానివ్వరు, పేరంటానికి పిలవరు, ప్రయాణానికి ఎదురొస్తే అపశకునమంటారు. పిల్లలు లేని ముత్తయిదువకే మాటలు తప్పని సమాజంలో, అమ్మ కావడానికి దారే లేకుండా చేసిన పిల్లను నిందించడం ఎంత అన్యాయం! లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షిదీ అదే గతి. పెళ్లాడతానని ఆశపెట్టిన రామప్పంతులు ఆమెను వాడుకుని వదిలేశాడు.

సంతానం లేకపోవడం రాజుల ఇంట్లోనూ ఉంది. నేను ఎవరికి అంకితమయ్యానో ఆ ఆనందగజపతి నేను అచ్చయిన ఏడాదే, పిల్లలు లేకుండా కన్నుమూశారు. వారసత్వం దత్తత మీదికి వెళ్లింది, తగవు కోర్టుకెక్కింది. ఆయన సోదరి రీవా మహారాణి అప్పలకొండయాంబ గారికి కార్యదర్శిగా నాన్నగారు ఆ వ్యవహారాల మధ్య చాలా ఏళ్లు గడిపారు. ప్రభువుకి బిడ్డలు లేకపోతే శాస్త్రాలూ ప్లీడర్లూ కదిలొచ్చారు. బుచ్చమ్మకి లేకపోతే వంటిల్లే గతి. ఈ తేడా చూసినవారు కనుకే నాన్నగారు 1909లో నన్ను మరింత లోతుగా రాశారు. వేశ్య మధురవాణికి అంత తెలివీ, అంత దయా ఇచ్చారు. నా చివర బుచ్చమ్మను, ఆమెను లేవదీసుకెళ్లిన గిరీశానికి అప్పగించలేదు. వకీలు సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతువుల శరణాలయానికి చదువుకోవడానికి పంపిస్తాడు. వెంకటేశానికి దొరికి, బుచ్చమ్మకు అంతవరకూ దొరకనిది ఆ చదువే.

నేను మాట్లాడింది ఇళ్లలో, వీధుల్లో జనం మాట్లాడే తెలుగు. అప్పట్లో అది పెద్ద తెగువ. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, నాన్నగారి చిన్ననాటి స్నేహితుడు, ఆ భాషను బడిలోకి తేవడానికి జీవితాంతం పోరాడారు. నాన్నగారు 1915 నవంబరు 30న వెళ్లిపోయారు. నేను మిగిలాను. 1955లో పి. పుల్లయ్య గారు నన్ను సినిమా తీశారు. ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి.

1929లో బాల్యవివాహాలను ఆపడానికి శారదా చట్టం వచ్చింది. ఆ తర్వాత ఆడపిల్ల పెళ్లీడు 18 అయింది. కన్యాశుల్కం పోయిందని, నా పని అయిపోయిందని అనేవాళ్లున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. భర్త పోయిన స్త్రీనీ, పిల్లలు కలగని స్త్రీనీ శుభకార్యంలో వెనక్కి నెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాబట్టి నా పని అవలేదు.

నన్ను చదివే మేష్టార్లకూ, ఆడే నటులకూ ఒక మనవి. గిరీశం మాటలకు ఎంతైనా నవ్వించండి, బుచ్చమ్మను మాత్రం మరిచిపోనివ్వకండి. నన్ను చదివే మీకు మరో మనవి. మీ ఇంట్లో పద్దెనిమిది నిండని పిల్లకు సంబంధం మాట వస్తే అడ్డుపడండి, ఆ పిల్లను కాలేజీకి పంపండి. రేపు మీ ఇంటి పెళ్లిలో భర్త లేని అత్తనూ, పిల్లలు లేని పిన్నినీ ముందు వరసలో కూర్చోబెట్టి, మొదటి అక్షింతలు వాళ్లచేత వేయించండి.