గొంతులోకి దిగే గొట్టాన్ని నేను

పుట్టింది జపాన్‌లో. బతుకంతా వరంగల్‌లో ఒక ఆస్పత్రి ఈఎన్‌టీ గదిలో. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని సన్నటి గొట్టాన్ని, ఎటు తిప్పితే అటు వంగుతాను. కొసన వెలుగుంటుంది, కన్నుంటుంది. పేరు ఎండోస్కోప్.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అంతకుముందు ఆ మూడు ఊళ్ల గురకలూ నా దగ్గరికే బస్సెక్కి వచ్చేవి.

భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపే ఆయన వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఆయన నోరు విప్పలేదు, భార్యే చెప్పింది: "సారూ, గురక పెట్టుకుంట పెట్టుకుంట ఒక్కసారి ఆగిపోతడు. ఊపిరే ఉండదు. మల్ల ఉలిక్కిపడి గుంజుకుంటడు. పొద్దున కూసున్న కాడనే కునుకు." అంత పెద్ద బండి నడిపే మనిషి పగలు కునుకుతున్నాడంటే నాకు భయమేసింది.

డాక్టర్ వెంటనే నన్ను ముట్టలేదు. "నోరు పెద్దగ తెరువు, నాలుక బయటపెట్టు, ఆ అనకు" అన్నారు. కొండనాలుక ఎంతవరకు కనిపిస్తోందో చూశారు. ఈ లెక్కను 1985లో లోకానికి ఇచ్చింది బోస్టన్‌లో పనిచేసిన మన తెలుగు మత్తు డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు. మత్తిచ్చే ముందు గొంతులో గొట్టం వేయడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి పెట్టిన ఆ లెక్క ఇప్పుడు గురక రోగులకూ పనికొస్తోంది. ఆ పేరు వినబడితే నాకు గర్వం.

తర్వాత నా వంతు. ముక్కులోంచి దిగాను. "ముక్కు, నోరు మూసుకుని గాలి లోపలికి గుంజు" అన్నారు. గొంతు గోడలు దగ్గరికొచ్చాయి. అయినా ఇది మెలకువ చూపు. మెలకువలో కండరాలు దారిని తెరిచి పట్టుకుంటాయి, నిద్రలో వదిలేస్తాయి.

రాత్రి నిద్ర పరీక్షలో గంటకు ముప్పైకి పైగా ఊపిరి ఆటంకాలు తేలాయి. ఐదు దాటితేనే జబ్బు లెక్కలోకి వస్తుంది, ముప్పై దాటితే తీవ్రం. అప్పుడు మొదటి వైద్యం మాస్కుతో గాలి నెట్టే సీప్యాప్ యంత్రమే, దానికి నాతో పని లేదు. ఆయనకు మాస్కు ఎంతకీ ఇమడలేదు, ఆపరేషన్ మాట వచ్చింది. ఎన్నిసార్లు ఆగుతుందో పరీక్ష చెప్పింది. ఎక్కడ ఆగుతుందో చెప్పాల్సింది నేను.

థియేటర్లో ప్రొపోఫాల్ మెల్లగా ఎక్కించి నిద్రపుచ్చారు. మత్తు డాక్టర్ కళ్లు ఆక్సిజన్ అంకె మీదే. ఇలా మందుతో నిద్రపుచ్చి గొంతులోకి చూసే పద్ధతిని ఇంగ్లండ్‌లో 1991లో క్రాఫ్ట్, ప్రింగిల్ అనే డాక్టర్లు ప్రచురించారు. గురక మొదలైంది. మెత్తటి అంగిలి కొంచెం ఊగింది, అంతే. నాలుక మొదలు మాత్రం వెనక్కి జారి దారి మొత్తం మూసేసింది. దవడను ముందుకు లాగగానే తెరుచుకుంది. మందు నిద్ర అసలు నిద్ర కాదు, నిజమే. కానీ ఆ రోజు నేను చూసి ఉండకపోతే అంగిలికి కత్తి పడేది, నాలుక మాత్రం అలాగే జారుతుండేది.

గురకపెట్టే మనిషిని ఆస్పత్రికి ఒంటరిగా పంపకండి. పక్కన పడుకునేవాళ్లు వెంట రండి. ఊపిరి ఆగే ఆ క్షణాన్ని ఫోన్‌లో వీడియో తీసి తెచ్చి డాక్టర్‌కు చూపించండి.