కిటికీ పక్కన మల్లెపొద

నేను మల్లెపొదను. ఫ్లోరిడాలోని ఒక నర్సరీలో కొమ్మ గుచ్చితే బతికి, అట్టపెట్టెలో న్యూజెర్సీలోని ఎడిసన్‌కు చేరాను. శ్రీరంగాపూర్‌ను కళ్లతో చూడలేదు. నన్ను సాకుతున్నావిడది ఆ ఊరు కాబట్టి వనపర్తి రాజులు కట్టించిన రంగనాయకస్వామి గుడి, పక్కనే రంగసముద్రం చెరువు ఎట్లుంటాయో వినీవినీ నాకు నోటికి వచ్చేశాయి. మట్టితో మొక్కను విమానంలో రానివ్వరు. వాళ్లమ్మ పెంచిన బాయికాడి మల్లె అక్కడే ఉండిపోయింది, దాని బాకీ నా నెత్తిన పడింది.

అక్టోబర్‌లో ఆవిడ ఫోన్‌లో 50 ఫారెన్‌హీట్, అంటే మన 10 డిగ్రీలు కనబడిందా, నన్ను ఇంట్లోకి మోయాల్సిందే. ఒక్క రాత్రి మంచు పట్టిందంటే ఆకులు నల్లబడిపోతాయి. లోపలికొస్తే చలి తప్పుతుంది గానీ హీటర్ గాలి ఒళ్లంతా పీల్చేస్తుంది. ఆకు తిప్పి చూస్తే సన్నని బూజు, అందులో పాకే ఎర్రనల్లి. ఆకులు పసుపెక్కి రాలుతాయి. మొదటి చలికాలం ఆవిడ భయపడి చెంబులకు చెంబులు నీళ్లు పోసింది. వేళ్లు కుళ్లడం మొదలైంది.

"పొయ్యకే బిడ్డా! జర ఎండనియ్యి. ఈడ మేమే నీళ్లు బంద్ జేస్తం" అని వీడియోలో వాళ్లమ్మ కేకలేసింది. నిజమే. ఊళ్లో డిసెంబర్ ప్రాంతంలో నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి మమ్మల్ని నిద్రపుచ్చుతారు. మళ్లీ నీళ్లు తగలగానే కొత్త చిగుళ్లు, ఆ చిగుళ్ల కొసలకే మొగ్గలు. అక్కడ దాహం చేసే పని ఇక్కడ చలి చేస్తుంది. అప్పటినుంచి ఆవిడ వేలు మట్టిలో గుచ్చి చూస్తుంది, పొడిగా తగిలితేనే చెంబు ఎత్తుతుంది.

మావాళ్లలో వైభోగం చూసినవాళ్లూ ఉన్నారు. 17వ శతాబ్దం చివర గోవా నుంచి ఇటలీ చేరిన ముద్దమల్లెను టస్కనీ ఏలిక మూడో కోసిమో ఫ్లారెన్స్ దగ్గరి కాస్టెల్లో తోటలో అపురూపంగా పెంచాడు. ఆ రకాన్ని ఇప్పటికీ గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ అంటారు. నాకు దక్కింది దక్షిణపు కిటికీ.

ఫిబ్రవరి చివర్లో కత్తెర పడుతుంది. మే రెండో ఆదివారం దాటాక బయటికి పంపుతారు, ముందు వారంపాటు నీడలో. ఒక్కసారిగా ఎండలో పెడితే కిటికీకి అలవాటుపడ్డ ఆకులు మాడతాయి. జూన్‌లో పొద్దు ఎనిమిదిన్నరకు గాని గూకదు, నేను విచ్చేసరికి పిల్లలు నిద్రపోతుంటారు. అందుకే సాయంత్రమే మొగ్గలు తెంపి తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడుతుంది. మూరెడు దండకు ఎన్నడూ సరిపోలేదు, జడలోకి నాలుగైతే చాలంటుంది.

ఈ యేడు పెద్ద కుండీ కొంటానంటోంది. వేళ్లు కాస్త ఇరుకుగా ఉంటేనే నాకు మొగ్గ ఎక్కువ. ఆ మాట నేను చెప్పలేను. నడుంనొప్పితో నన్ను మోసే ఆయన మాత్రం రోజూ చెబుతున్నాడు.