చలి ఏం చేసిందండీ పాపం!

కోనసీమలో చలిమీద మోపినన్ని నిందలు సైబీరియాలో కూడా ఎవరూ మోపి ఉండరు. పెరుగు తోడుకోకపోతే చలి. పిల్లాడు బడి ఎగ్గొడితే చలి. ధనుర్మాసంలో మా అప్పనపల్లిలో వైనతేయ మీద లేచిన మంచు కొబ్బరితోటల్లోకి చొరబడి ఎదురింటి అరుగు కనపడనివ్వదు, ఒప్పుకుంటాను. కానీ థర్మామీటరు చూస్తే పద్దెనిమిది డిగ్రీలు. మరీ విజృంభిస్తే పదిహేనో పదహారో. ఆ మాత్రానికే మేం మంకీ క్యాపులు తీస్తాం, మా డీజిలు వ్యాను సమ్మె చేస్తుంది.

వ్యాను ఏ కంపెనీదో చెప్పను. దాని తమ్ముళ్లు ఇంకా షోరూముల్లో ఉన్నారు, వాళ్ల సంబంధాలు చెడగొట్టడం నాకిష్టం లేదు. మామూలు రోజుల్లో అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయలు మోస్తుంది, పెళ్లిళ్ల రోజుల్లో పెళ్లివారిని. కాయలు ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

గొడవ వచ్చింది ముక్కోటి ఏకాదశి నాడు. తెల్లవారుజామునే బంధువర్గమంతా ద్వారకా తిరుమలకి బయల్దేరింది. కొబ్బరి వర్తకుడు మొల్లేటి రామస్వామి గారు నిలిపిన బాలబాలాజీ స్వామి ఊళ్లోనే ఉండగా, జనం ఎక్కడెక్కడినుంచో ఆయన కోసం వస్తూ ఉండగా, ద్వారకా తిరుమల ఎందుకని అడక్కండి. పై ఊరి దేవుడికి మహిమ ఎక్కువ. అందరూ ఎక్కి కూర్చున్నాక సెల్ఫ్ కొడితే వ్యాను ఓ మూలుగు మూలిగి ఊరుకుంది.

"ఊళ్లో స్వామికి కోపం వచ్చిందిరా" అంది మా అత్తయ్య. తర్వాత పరీక్షించిన నిపుణులతో పోలిస్తే ఆవిడ మాటే కాస్త నయం.

బాబాయి ఇంట్లోకెళ్లి కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చి అందరి ముందూ తలకిందులు చేశాడు. చుక్క జారలేదు. "చూశార్రా? డీజిలూ ఇలాగే పేరుకుపోయింది" అన్నాడు. సాక్ష్యం చేతిలో ఉన్న మనిషితో వాదించడం కష్టం. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది, అది నిజం. డీజిలు అలా కాదు. అందులోనూ మైనం ఉంటుంది గానీ, మన దేశంలో చలికాలం అమ్మే సరుకు 3 డిగ్రీల దాకా పారి తీరాలని ప్రమాణం ఉంది. లద్దాఖ్ కోసమైతే ఇండియన్ ఆయిల్ వారు 2019 నవంబరులో మైనస్ 33లో కూడా పారే డీజిలు తెచ్చారు. పద్దెనిమిది డిగ్రీల అప్పనపల్లిలో మా డీజిలుకి పేరుకునే అర్హతే లేదు. ఇదంతా వివరిస్తే, "చదువుకున్నవాడివి, నీకేం తెలుసు!" అన్నాడు బాబాయి.

ఇంతలో ఎడ్మంటన్ నుంచి మేనల్లుడు వాట్సాప్‌లోకి వచ్చాడు. "మామయ్యా, బ్లాక్ హీటర్ పెట్టించు. రాత్రంతా ఇంజనుని కరెంటుకి తగిలించి ఉంచాలి" అన్నాడు. మైనస్ ముప్ఫైలో బతికేవాడికి అది న్యాయమే. ఇక్కడ రాత్రంతా కరెంటు ఉంటే ముందు నేను ఫ్యాను వేసుకుంటాను.

ఇక నెట్టాలన్నారు. కొండ ఊళ్లలో ఈ బాధ లేదు, రాత్రి వాలులో ఆపి పొద్దున్న జారవిడిస్తే చాలు. గోదావరి తల్లి వేలయేళ్లుగా ఒండ్రు మోసుకొచ్చి కోనసీమను చాపలా పరిచింది. ఏటిగట్టు తప్ప మాకు వాలన్నదే లేదు. గట్టు మీదికి నెట్టే బలం ఉంటే నడిచే వెళ్లిపోదుము కదా! ఓ కుర్రాడు పెట్రోలులో ముంచిన గుడ్డ గాలి గొట్టం దగ్గర పెడదామన్నాడు. హీటరు ప్లగ్గులున్న ఇంజనుకి ఆ వాసన చూపిస్తే పేలే ప్రమాదం ఉంది. గుడ్డా, కుర్రాడూ ఇద్దర్నీ అవతలికి పంపేశాను.

అసలీ ఇంజనులో నిప్పురవ్వ అనేదే ఉండదు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ గారు నడిపి చూపించింది అదే: గాలిని గట్టిగా నొక్కితే దానంతటదే వేడెక్కి నూనెను అంటించేస్తుంది. గాలి కొడుతుంటే సైకిల్ పంపు అడుగు చుర్రుమన్నట్టన్నమాట. మా వ్యానులాంటి ఇంజన్లలో గాలి ఇంచుమించు ఇరవయ్యో వంతుకి నలిగి అయిదు వందల డిగ్రీలు దాటుతుంది. కానీ రింగులు అరిగితే గాలి సందుల్లోంచి జారిపోతుంది, చల్లటి ఇనుము ఉన్న వేడి కాస్తా లాగేసుకుంటుంది. అందుకే హీటరు ప్లగ్గులు. మా కోనసీమలోనే పాశర్లపూడి బావిలో 1995 జనవరి 8న లేచిన గ్యాసు మంట 65 రోజులు ఆరలేదు, విదేశాల నుంచి మనుషులు రావలసి వచ్చింది. ఇక్కడ సిలిండర్లో చిటికెడు మంటకి ఊరంతా దిగినా చాలడం లేదు.

చివరికి రాజోలు నుంచి మెకానిక్కు వచ్చాడు. వచ్చీరాగానే బానెట్ తెరవలేదు, వెనక్కెళ్లి పొగగొట్టం దగ్గర నిలబడి "కొట్టండి మేష్టారూ" అన్నాడు. తెల్లపొగ వస్తే డీజిలు అందుతోంది గానీ అంటుకోవడం లేదట. పొగే రాకపోతే డీజిలే అందడం లేదట. రాలేదు. ఫిల్టరు దగ్గర నట్టు వదులు చేసి చేత్తో ప్రైమింగ్ కొడితే బుడబుడమని నురుగొచ్చింది. రబ్బరు పైపుకున్న సన్నటి పగుల్లోంచి రాత్రంతా గాలి పీల్చి, లైన్లో డీజిలు ట్యాంకులోకి జారిపోయింది. రోజూ పొద్దున్నే జరిగేది ఇదే, అందుకే చలి ఇరుక్కుంది. పైపు మార్చి గాలి తీశాక తెల్లపొగ వచ్చింది. ప్లగ్గుల వైరు ఊడదీసి, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్టర్ బల్బు ఒక్కోదానికీ తగిలించాడు. నాలుగింటిలో రెంటికి బల్బు వెలగలేదు. టెర్మినల్స్ మీద ఉప్పు పువ్వు పూసింది. బ్యాటరీలో నీళ్లు అడుగంటాయి.

"మరి చలో?" అన్నాడు బాబాయి ఆశగా, సీసా ఇంకా చేతిలోనే ఉంది.

"సలి ఏం సేసిందండి పాపం! బేటరీని సంపింది రోహిణీ కార్తండి. శవం ధనుర్మాసంలో తేలింది, అంతేనండి, ఆయ్."

ఇంతకంటే గొప్ప తీర్పు నేను ఏ కోర్టులోనూ వినలేదు. బ్యాటరీ పలకల్ని తినేది ఎండే, నీటిని ఆవిరి చేసేదీ ఎండే. చలిలో నూనె చిక్కబడి ఇంజను తిప్పడానికి కాస్త ఎక్కువ బలం అడుగుతుంది, అడిగినప్పుడు లేదని తెలుస్తుంది. లంబసింగిలో సున్నా దగ్గరికి పడిపోయిన రోజుల్లో కూడా జీపులు తిరుగుతూనే ఉంటాయి.

బాబాయి సీసా విషయంలో ఒక్క న్యాయం చెయ్యాలి. 1900 పారిస్ ప్రదర్శనలో ఓ డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరినూనెతో చేసిన ఇంధనాన్ని చట్టప్రకారం డీజిల్లో కలుపుతున్నారు. ఈ సంగతి బాబాయికి చెప్పలేదు, చెబితే సీసా ట్యాంకులో బోర్లిస్తాడు.

సంక్రాంతికి పాత డీజిలు బళ్లలో కోనసీమ వచ్చేవారికి నా మనవి: బయల్దేరే ముందు పైపులూ ప్లగ్గులూ బ్యాటరీ నీళ్లూ చూపించుకోండి. అదేదీ కుదరకపోతే రాత్రి బండిని ఏటిగట్టు మీద ఆపుకోండి. మొదట్లో ఉన్న వాలు మాత్రం మా వ్యానుది, దయచేసి వదిలెయ్యండి.