ఒళ్లు వంచకుండా పొరుగువాణ్ణి ప్రేమించడం ఎలా?

తనను తాను ప్రేమించుకున్నట్టే పొరుగువాణ్ణి ప్రేమించాలన్నది ఆజ్ఞ. దాన్ని నిజంగా పాటించేవాళ్లు సంఘంలో నలుగురైదుగురు ఉంటారు, వాళ్ల ముఖాలు చూడండి, ఎంత అలసిపోయి ఉంటాయో! మీకా అవస్థ అక్కర్లేదు. ఈ చిట్కాలు వంటబడితే మంచి పేరుకు పేరూ ఉంటుంది, జేబుకు చిల్లూ పడదు.

1. ఎవరు కష్టం చెప్పుకోబోయినా మాట పూర్తికాకముందే "ప్రార్థన చేస్తానండి" అనేయండి. ఇంటద్దె అయినా, పిల్ల కాలేజీ ఫీజైనా ఇదే మందు. ఆ తరవాత అవతలివాళ్లు నోరు తెరిచి డబ్బు అడగలేరు; అడిగితే వాళ్లకే విశ్వాసం లేనట్టవుతుంది. నిజంగా ప్రార్థన చేయాలా అంటారా? అది మీకూ దేవుడికీ మధ్య సంగతి. బట్టా తిండీ లేనివాణ్ణి మంచిమాటలతో సాగనంపితే ఏం లాభమని యాకోబు పత్రికలో ఒక ప్రశ్న ఉంది. పత్రిక మొత్తం ఐదే అధ్యాయాలు, దాటేయడం తేలిక.

2. ఆసుపత్రికి వెళ్లక తప్పకపోతే సరిగ్గా విజిటింగ్ టైము అయిపోయే ముందు వెళ్లండి. మంచం పక్కన రోగి భార్య ఉంటుంది, రాత్రంతా ప్లాస్టిక్ కుర్చీలోనే కునికిపాట్లు పడి ఉంటుంది. కిటికీలో ఫ్లాస్కు ఉంటుంది, మూత తీసి పక్కన పెట్టి, ఖాళీగా. దాని వైపు మాత్రం చూడొద్దు! చూశారో, కిందకి దిగి టీ పట్టుకురావాలి. "మీరు ఇంటికెళ్లి స్నానం చేసి రండమ్మా, నేను కూర్చుంటాను" అనాలనిపించినా అనిపించొచ్చు. అందుకే వార్డులో అడుగుపెట్టగానే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేయండి. ఆమెన్ అనేటప్పటికి కాళ్లు గుమ్మం వైపు తిరిగి ఉండాలి. యోబు స్నేహితులు అతని పక్కన నేల మీద ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా కూర్చున్నారు. ఎంత కాలం వృథా! ఆ తరవాత తేరుకుని, నీ పాపం వల్లే నీకిలా అయిందని అధ్యాయాలకి అధ్యాయాలు చెప్పారు. మీరు ఆ రెండో భాగంతో మొదలుపెట్టండి.

3. యెరికో దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసి యాజకుడు, లేవీయుడు పక్కనుంచి వెళ్లిపోయారు. వేళకి ఇల్లు చేరి ఉంటారు. ఆగి సాయం చేసిన సమరయుడికేమైంది? నూనె పోయింది, ద్రాక్షారసం పోయింది, సొంత వాహనం వాడికిచ్చి తను నడిచాడు, సత్రంలో రెండు దేనారాలు వదిలాయి. అంటే రెండు రోజుల కూలి. పైగా ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని మాటిచ్చాడు. పేరైనా దక్కిందా? అదీ లేదు.

4. సాయం చేయక తప్పకపోతే ఫొటో ముఖ్యం. ఒంగోలులో మిషనరీ క్లౌ దొరలా మాత్రం చేయకండి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకి పనీ కూలీ ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇమ్మంటుంటే, కూటి కోసం సంఘంలో కలుస్తున్నారన్న మాట రాకూడదని నెలల తరబడి ఆపాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు, అది వేరే సంగతి. మనకంత ఓపికెక్కడిది? ఐదు కిలోల బియ్యం సంచి, ఇచ్చేవాళ్లు ఆరుగురు, పుచ్చుకునే ముసలమ్మ ఒకరు చాలు. సంచి మీద ఆరుగురి చేతులూ పడాలి. ముసలమ్మ తల దించుకుంటే "ఇటు చూడు మామ్మా" అనండి. ఎవరైనా కళ్లు మూస్తే సంచి వెనక్కి తీసుకుని మళ్లీ ఇవ్వండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదంటారా? ఆ మాట చెప్పిన రోజుల్లో సెల్ఫీలు లేవు.

5. అమ్మ మోకాలి నొప్పుల మాత్రలకి డబ్బులడిగితే "ఈ నెల మందిర నిర్మాణానికి ఇచ్చేశానమ్మా" అనండి. పాత కిటుకే, కొర్బాను అని పేరు కూడా ఉంది. యేసు దీన్ని గట్టిగా మందలించాడు, నిజమే. పనిచేసే కిటుకు కాకపోతే అంతగా మందలిస్తాడా? అమ్మ రసీదు అడగదు.

6. షుగర్ మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమని గృహకూటంలో సాక్ష్యం చెప్పండి. అది విని పక్కింటి సిస్టర్ మానేస్తే మీ సాక్ష్యం గొప్పది. ఆవిడ కాలిపుండు ముదిరితే ఆవిడ విశ్వాసం చిన్నది. మీ మాత్రలు బియ్యం డబ్బాలో అడుగున దాచుకోండి. లూకా వైద్యుడన్న సంగతి ఎవరూ ఎత్తకుండా చూసుకోండి.

7. మనసు బాగోలేదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఎవరైనా అంటే "బైబిలు చదవడం తగ్గిందా తమ్ముడూ?" అనండి. ఏలీయా చచ్చిపోవాలని చెట్టు కింద పడుకుంటే దూత ప్రసంగం చేయలేదు; నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దూతలకి తీరిక ఎక్కువ. మీరు వచనం చెప్పి పంపేయండి. ఆ తమ్ముడు మళ్లీ మీ దగ్గర నోరు విప్పడు, సమస్య తీరిపోయింది.

8. విశ్రాంతికి వాక్యాధారం కావాలంటే మార్కు ఆరో అధ్యాయం తెరవండి. తిండికి కూడా తీరికలేని శిష్యుల్ని పక్కకొచ్చి కాస్త అలసట తీర్చుకోమంటాడు యేసు. అక్కడితో బైబిలు మూసేయాలి. చదువుతూ పోతే జనం వెంటపడతారు, ఐదువేల మందికి భోజనం వడ్డించాల్సి వస్తుంది. దీన్ని ప్రేమవిందు రోజున ఇలా వాడుకోండి: రెండుసార్లు బిర్యానీ వడ్డించుకున్నాక నడుం పట్టుకుని, "దేవుడిచ్చిన దేహమండీ, జాగ్రత్తగా చూసుకోవాలి" అంటూ ఫ్యాను కింద చేరండి. వెనకాల స్త్రీల మైత్రి వాళ్లు డేక్సాలు తోముతుంటారు. చప్పుడు మరీ ఎక్కువైతే మంచి కీర్తన ఒకటి గొంతెత్తి అందుకోండి.